గడప దాటిన కసువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

నేను పండితుణ్ణి కాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. టిక్కెట్లు, పార్సెళ్ళు, రసీదులు, ఇవే నాకు తెలిసిన విద్య. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి "ఈసారి నువ్వు కూడా ఒక విషయం మీద మాట్లాడవలె" అన్నప్పుడు, పంచాంగ శ్రవణానికీ పిల్లల పద్య పఠనానికీ మధ్య నాబోటివాడు చెప్పగలిగినది ఏమున్నదని సంకోచించాను. ఆలోచించి, ఆలోచించి, చివరకు ఇంటి చెత్తను గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఒక నిమిషం నా ముఖం చూసి, "పండుగపూట ఆ మాటేమిటయ్యా?" అన్నారు. పండుగపూటే చెప్పవలసిన మాట అని నాకు తోచింది. ఎందుకో మనవి చేస్తాను.

పోయిన వారమంతా మన ఇళ్ళలో ఏమి జరిగింది? అటకమీది సామాను దించాము. బూజు దులిపాము. గోడలకు సున్నం కొట్టించాము. పాత చాపలు, చిరిగిన దిండ్లు, మూతలేని డబ్బాలు, వెలగని టార్చిలైటు, పిల్లల విరిగిన బొమ్మలు ఏరివేశాము. ఈ ఉదయం పొరక పట్టి ఊడ్చి, కడిగి, ముగ్గు వేసి, మామిడాకుల తోరణం కట్టి, ఇల్లు అద్దంలా వున్నదని సంతోషించాము. మంచిదే. కాని ఏరివేసిన ఆ సామానంతా ఎక్కడికి పోయింది? కసువు గడప దాటింది. గడప దాటిన తరువాత దాని సంగతి మనకు పట్టలేదు. వీధి మలుపుకో, కాలువ గట్టుకో, ఊరణి వెనుక పల్లానికో, మొత్తానికి మన ఇల్లు కాని చోటికి చేరింది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకి మోత" అని పెద్దలు ఒక సామెత చెప్పేవారు. ఇప్పుడది తిరగబడింది. ఇంట్లో పల్లకి మోత, బయట ఈగల మోత.

మనం రెండు భాషల నడుమ బ్రతికేవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అందుచేత కొన్ని మాటలు మన చెవికి రెండు విధాలుగా వినబడతాయి. అటువంటి మాట కుప్ప. మన తెలుగులో కుప్ప అంటే రాశి. కళ్ళంలో జొన్న కుప్ప, సజ్జ కుప్ప. కుప్ప నూర్చడమంటే పంట ఇంటికి వచ్చే రోజు. అదే మాట తమిళంలో కుప్పై అయితే చెత్త. చిన్నప్పుడు బడిలో ఈ తేడాకు మేము నవ్వుకొనేవాళ్ళం. ఒకనాడు మా తాతగారిని అడిగితే, ఆయన నవ్వలేదు. "రెండూ ఒకటేరా. ఈ కుప్ప లేకపోతే ఆ కుప్ప లేదు" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మన పెద్దలు విజయనగర రాజుల కాలంలోను, మధుర నాయకరాజుల కాలంలోను ఉత్తరం నుంచి వచ్చి ఈ నల్లరేగడిలో స్థిరపడ్డారు. ఇక్కడివారు దీనిని కరిసల్ అంటారు. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారు ఆ వలస కథను తమిళంలో నవలలుగా వ్రాశారు. ఆయనకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన మన ఇంటి భాష మాట్లాడిన మనిషే. ఈ రేగడి మంచి నేలే గాని, వానను నమ్ముకొన్న నేల. ఏటివారలేదు, కాలువలేదు. ఐప్పసి, కార్తీక మాసాల వానలే దిక్కు. ఇటువంటి చోట పత్తి, సజ్జ, జొన్న, మినుము, మిరప, ధనియాలు పండించి పిల్లలను సాకినవారు ఎంత పొదుపు మనుషులై వుంటారో ఆలోచించండి.

మా నాగలాపురంలో మా తాతగారి ఇంటి వెనుక ఒక గుంట వుండేది. పొయ్యిలోని బూడిద, పశువులు తినగా మిగిలిన చొప్ప, పేడ, ఊక, కూరల తొక్కలు, ఊడ్చిన కసువు, అన్నీ అందులోకే. విరిగిన కుండ పెంకుల వంటివి తప్ప అందులో కుళ్ళి మన్ను కానిది ఏదీ వుండేది కాదు. ఎండకాలంలో ఆ గుంట త్రవ్వి, బండ్లకెత్తి పెంట తోలేవారు. గొర్రెలవాళ్ళను పిలిచి చేలో మంద కట్టించి, దానికి కూలి ఇచ్చేవారు. అనగా పెంట కొరకు డబ్బు ఖర్చు పెట్టిన మనుషులు వారు. పారవేయడమనే మాట వారికి దాదాపు తెలియదు.

ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 దాకా ఇండోరులో వుండి, ఇంటిలోను చేలోను మిగిలే చెత్తను పేడతో కలిపి మంచి ఎరువు చేసే పద్ధతిని పరిశోధించాడు. యశ్వంత్ వాడ్ అనే మనదేశపు సహచరునితో కలిసి 1931లో ఒక పుస్తకం ప్రకటించాడు. ఇండోరు పద్ధతి అని లోకమంతా దానిని మెచ్చుకొన్నది. ఆసియా ఖండపు రైతుల అలవాట్లను చూసి నేర్చుకొన్నవాడు ఆయన. మన అవ్వలు చదవకుండా చేసిన పనిని ఆయన చదివి, కొలిచి, వ్రాసిపెట్టాడు.

మరి ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటి? మన అలవాటు మారలేదు. కుప్పలో పడే వస్తువు మారింది. మా అవ్వ చేట నిండా కసువు తెచ్చి వెనుక గుంటలో పోసేది. మనమూ అంతే, చేటకు బదులు క్యారీబ్యాగు. మా అవ్వ పోసినది ఆరు నెలలలో మన్ను అయ్యేది. మనం పోసే పాలసంచి, షాంపూ పొట్లం, మాత్రల అట్ట, నూనె ప్యాకెట్టు మన మనుమల కాలానికి కూడా మన్ను కావు. చిన్న చిన్న తునకలవుతాయి గాని మన్ను కావు. పైగా కూరగాయల తొక్కలను ఆ సంచిలోనే వేసి, గట్టిగా ముడివేసి విసురుతాము. అప్పుడు మన్ను కాగలిగినది కూడా మన్ను కాలేక లోపలే కుళ్ళుతుంది.

దీని ఫలితం చూడడానికి దూరం పోనక్కరలేదు. నాగలాపురం నుంచి ఏ దిక్కుకైనా బస్సు ఎక్కి, కిటికీలోంచి చూడండి. ఇక్కడ సీమై కరువేలం అని పిలిచే సర్కారు తుమ్మ ముళ్ళకు రంగురంగుల సంచులు తగులుకొని గాలికి ఊగుతుంటాయి. దూరానికి పూలు పూసినట్లే వుంటుంది.

ఈ ప్రాంతంలో చాలాచోట్ల బావి నీరు ఉప్పగా వుంటుందని మీకు తెలుసు. అందుకే పెద్దలు ఊరణులు త్రవ్వారు. వాన నీరు కాలువగుండా వచ్చి ఊరణిలో నిలిస్తే ఊరంతా త్రాగేది. ఊరణికి నీరు వచ్చే దారిలో చెప్పులతో నడవనిచ్చేవారు కాదని మా నాయనగారు చెబుతారు. నేడు ఆ దారిలోనే సంచులు అడ్డం పడి వుంటాయి. వాన పడిన రోజున నీరు దారి తప్పి వీధిలోకి వస్తుంది, లేదా ఆ చెత్తనంతా కడిగి ఊరణిలోకే తెస్తుంది.

పశువుల సంగతి. సంచి ముడివేసి వున్నప్పుడు ఆవు దానిని విప్పలేదు. లోపలి అన్నం వాసనకు సంచితో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. కడుపులో ముద్దగా పేరుకొంటుంది. మేత మేస్తూనే ఆవు చిక్కిపోతుంది. పాలు ఎందుకు తగ్గాయని మనం దిష్టి తీస్తాము.

దోమల సంగతి. డెంగీ జ్వరాన్ని మోసే ఈడిస్ దోమ మురికి కాలువలో కాదు, తేటనీటిలో గ్రుడ్లు పెడుతుంది. కొబ్బరి చిప్ప, టీ కప్పు, పాత టైరు, ఎవరో పారవేసిన డబ్బా దానికి చాలు. గ్రుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. నీరు ఎండిపోయినా డబ్బా గోడకు అంటిన గ్రుడ్లు నెలల తరబడి బ్రతికివుండి, మరల వాన పడగానే లేస్తాయి. 2012లో తిరునెల్వేలి జిల్లా కడయనల్లూరు వైపు డెంగీ ఎంత అల్లకల్లోలం చేసిందో మనలో చాలామందికి జ్ఞాపకం.

కొందరు "ఇవన్నీ ఎందుకు, ఒక అగ్గిపుల్ల గీస్తే సరిపోతుంది" అంటారు. మనది అగ్గిపెట్టెల దేశం గదా, అగ్గిపుల్లకు కొరత లేదు. కాని పి.వి.సి. వంటి ప్లాస్టిక్కు కాలితే ఆ పొగలో ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి ఒంట్లో చేరితే త్వరగా పోవు. చెత్త కనబడకుండా పోయింది అనుకొంటాము. పోలేదు. మన పిల్లల ఊపిరితిత్తుల్లోకి మారింది.

ఇక నా ఉద్యోగంలో నేను నేర్చుకొన్న ఒక సంగతి చెప్పనివ్వండి. పార్సెలు ఆఫీసుకు మూట తెచ్చినవారిని మేము మొదట రెండు ప్రశ్నలు అడుగుతాము. పంపేది ఎవరు? చేరవలసినది ఎక్కడికి? ఈ రెండూ వ్రాయని మూటను తీసుకోము. చేరిన మూటను గడువులోపల విడిపించుకోకపోతే, ఆపైన వున్న కాలానికి రుసుము పడుతుంది. చెత్త కూడా ఒక పార్సెలే. తేడా ఏమిటంటే, దానిమీద పంపినవారి పేరు వుండదు, చేరవలసిన ఊరు వుండదు. కాని రుసుము మాత్రం తప్పదు. మనం చెల్లించకపోతే ఊరణి చెల్లిస్తుంది, ఆవు చెల్లిస్తుంది, పక్కింటి పసివాడు చెల్లిస్తాడు.

ఒక్కొక్కప్పుడు పంపినవారి పేరు బయటపడుతుంది కూడా. 2024 డిసెంబరులో మన పొరుగునే తిరునెల్వేలి జిల్లాలో నడుక్కల్లూరు, కొడగనల్లూరు గ్రామాల ప్రక్కన గుట్టలుగా చెత్త పడివున్నది. వాడిన సూదులు, రక్తపు గుడ్డలు కూడా అందులో వున్నాయి. చూడగా, కేరళ ఆసుపత్రులకు చెందిన రోగుల కాగితాలు ఆ గుట్టల్లో దొరికాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా ఆజ్ఞాపించింది. అదే నెలలో కేరళవారు లారీలు పంపి తమ చెత్తను తామే ఎత్తుకొని పోయారు. విలాసం దొరికిన పార్సెలు పంపినవారికే తిరిగి చేరింది. ఆ వార్త చదివి మనమందరం వారిని తిట్టుకొన్నాము. తప్పులేదు. కాని మన వీధి మలుపున పడివున్న సంచులను విప్పి చూస్తే, వాటిలో కరెంటు బిల్లు, పెండ్లి శుభలేఖ, పిల్లవాని పరీక్ష కాగితం దొరకవా? వాటిమీద ఎవరి పేరు వుంటుంది?

రైలు సంగతే ఇంకొకటి. తరతరాలుగా మన రైలు పెట్టెల పాయిఖానాలలోనిదంతా తిన్నగా పట్టాలమీద పడేది. ప్రయాణికునికి అది పోయింది అన్నట్లే. కాని ఎక్కడికీ పోలేదని గాంగు మనిషికి తెలుసు. సుత్తి పట్టుకొని ఆ పట్టాల వెంట రోజుకు ఎన్నో మైళ్ళు నడిచేవాడు అతడు. ఇప్పుడు రక్షణ పరిశోధన సంస్థ సహాయంతో తయారైన బయో టాయిలెట్లు పెట్టెల క్రింద అమర్చారు. లోపలి సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, వాయువుగా మారుస్తాయి. అంత పెద్ద సంస్థ అంతకాలపు అలవాటును మార్చుకొన్నది. నాలుగు గదుల ఇల్లు మార్చుకోలేదా?

ఇప్పుడు, చెప్పడానికి సిగ్గుపడే ఒక సంగతి చెబుతాను. ఇది చెప్పడానికే నేను ఈ విషయం ఎన్నుకొన్నాను.

ఉద్యోగరీత్యా నేను పట్టణంలో అద్దె ఇంట్లో వుంటున్నాను. ప్రతి ఉదయం ఒక అక్క తోపుడుబండితో వచ్చి మా వీధి చెత్త ఎత్తుకొని పోతుంది. నాలుగేళ్ళుగా చూస్తున్నాను. తమిళంలో "ఇదిగో అమ్మా, ఈ సంచి కూడా" అనడం తప్ప ఆమెతో నాకు వేరే మాట లేదు. ఒక రాత్రి మా చిన్నమ్మాయి చేతినుంచి గాజు గ్లాసు జారి పగిలింది. పిల్ల కాలికి గుచ్చుకుంటుందని నేనూ మా ఇంటావిడా దీపం పెట్టుకొని మూలమూలలా వెదికి, తునక కూడా వదలకుండా ఏరాము. ఏరిన ముక్కలను కూరగాయల తొక్కలున్న సంచిలో వేసి, ముడివేసి, గుమ్మం బయట పెట్టాను. మా పిల్ల కాలు భద్రం. నేను నిద్రపోయాను.

మరునాడు ఉదయం ఆ అక్క సంచిని బండిలో పడవేసి, చోటు చాలక అరచేతితో అదిమింది. నేను అరుగుమీద పళ్ళు తోముకొంటున్నాను. ఆమె చేయి వెనక్కు తీసుకొన్నది. నెత్తురు కారుతున్నది. ప్రక్కనున్న పిల్ల "ఏమైందే?" అని అడిగింది. ఆమె అన్నది: "గాజుపెంకు గుచ్చుకొనిందే. ఎవురో సంచిలో వేసుండారు."

తెలుగులో అన్నది.

నేను పరుగున వెళ్ళి నీళ్ళు పోసి, గుడ్డ కట్టి, ఆసుపత్రికి తీసుకొనిపోయాను. కుట్లు పడ్డాయి. ధనుర్వాతం రాకుండా సూది వేశారు. దారిలో అడిగాను, "అక్కా, మీరు తెలుగువాళ్ళా?" అని. "మా అవ్వ కాలం నించి ఇంట్లో మాట్లాడేది ఇదే గదా సామీ" అన్నది. "నాలుగేళ్ళుగా ఒక్కమాటైనా చెప్పలేదే?" అన్నాను. "మీరు అడగలేదు గదా" అన్నది. కోపంగా అనలేదు. వున్నమాట అన్నట్లు అన్నది. చివరకు ఇంటి దగ్గర దిగుతూ, "ఈసారి గాజు వుంటే కాగితంలో చుట్టి, చెప్పి ఇవ్వండి సామీ" అన్నది. తొమ్మిది రోజులు ఆమె పనికి రాలేదు. రాని రోజుకు కూలి లేదు. ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకొన్నాను, కూలి కూడా ఇచ్చాను. కాని అది పరిహారం అయిందని నా మనసుకు ఈనాటికీ తోచదు. నా పిల్ల కాలి కొరకు గంటసేపు వెదికినవాణ్ణి, ఆమె చేతి కొరకు ఒక పాత కాగితం వెదకలేకపోయాను.

సోదరులారా, ఈ జిల్లాలలో వీధులు ఊడ్చే పని, చెత్త ఎత్తే పని చేస్తున్న కుటుంబాలలో అనేకులు అరుంధతీయులు. వారిలో చాలామంది ఇంట మాట్లాడేది తెలుగే. వారి పెద్దలు కూడా మన పెద్దల వలెనే ఉత్తరం నుంచి వచ్చినవారు. తమిళనాడు ప్రభుత్వం 2009లో వారికి షెడ్యూల్డు కులాల కోటాలోనే మూడు శాతం ప్రత్యేకంగా కేటాయించింది. 2024 ఆగస్టు 1వ తేదీన సుప్రీంకోర్టు అటువంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. చట్టం వారిని గుర్తించింది. మనం గుర్తించామా? భాష కొరకు సంఘం పెట్టుకొన్నాము. మన పిల్లలు తెలుగు మరచిపోతున్నారని ప్రతి సభలోను బాధపడుతున్నాము. బడి లేకుండా, పుస్తకం లేకుండా, సంఘం లేకుండా ఆ భాషను ఇన్ని వందల ఏళ్ళు నిలుపుకొన్నవారు మన చెత్తసంచి ముడి విప్పుతున్నారు. ఈ పండుగకు వారికి శుభలేఖ వెళ్ళినట్లు నేను ఎరుగను.

"ఇది మునిసిపాలిటీ పని, పంచాయతీ పని గదా, మనమేమి చేయగలం?" అని కొందరు అనవచ్చు. ఇద్దరి పనీ అని నా మనవి. రెండు ఊళ్ళ సంగతి చెబుతాను. రెండింటిలోను తెలుగువారికి సంబంధమున్నది.

సూరత్ పట్టణంలో తెలంగాణా నుంచి వలసపోయిన పద్మశాలి కుటుంబాలు వేలకొద్దీ మగ్గాలమీద బ్రతుకుతున్నాయని మీకు తెలుసు. 1994లో అక్కడ వరదలు వచ్చాయి. చెత్త, చచ్చిన జంతువులు ఎత్తేవారు లేక వీధుల్లో కుళ్ళాయి. సెప్టెంబరులో ప్లేగు వచ్చింది. ఆ ఏడు దేశంలో ప్లేగుతో 56 మంది పోయారు. లక్షలమంది దొరికిన రైలు ఎక్కి పారిపోయారు. మరుసటి ఏడు, అనగా 1995లో, సూర్యదేవర రామచంద్రరావుగారు ఆ నగరానికి కమిషనరుగా వచ్చారు. అధికారులను గదులలో కూర్చోనివ్వక ప్రతి ఉదయం వీధులలోకి పంపారు. రాత్రిళ్ళు కూడా ఊడ్పించారు. చెత్త పారవేసినవారు గొప్పవారైనా జరిమానా వేశారు. రెండేళ్ళు తిరగకుండానే దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో సూరత్ రెండవదని పేరు వచ్చింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో ఇండోరుతో కలిసి మొదటి స్థానం పొందింది.

సూరత్ పెద్ద నగరం, డబ్బున్న నగరం అంటారేమో. అయితే సూర్యాపేట చూడండి. అప్పట్లో నల్లగొండ జిల్లాలో సుమారు లక్షమంది జనమున్న మునిసిపాలిటీ. 2003 ప్రాంతంలో కమిషనరు ఖాదర్‌గారు వీధులలోని చెత్తకుండీలను తీసివేయించారు. ఇంటింటికీ తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి బుట్టలు పెట్టించి, బండ్లు గుమ్మం ముందుకే పంపారు. తడిది వానపాముల ఎరువు అయింది. పొడిది అమ్ముడుపోయింది. కుండీ లేని ఊరు అని దేశమంతా వచ్చి చూసిపోయారు. అక్కడ కొత్త యంత్రమేదీ లేదు. గుమ్మం లోపలే రెండు బుట్టలు, గుమ్మం దగ్గరకు ఒక బండి. అధికారి ఎంత సమర్థుడైనా మొదటి పని ఇల్లాలి చేతిలో, ఇంటాయన చేతిలో వున్నది. ఒకసారి కలిసిపోయిన చెత్తను మరల విడదీయడమంటే, ఆ పని ఇంకొకరి చేత్తో చేయించడమే.

కాబట్టి నా మనవులు అయిదు. ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

మొదటిది, ఇంట్లో రెండు బుట్టలు పెట్టండి. కుళ్ళేది ఒకదానిలో, కుళ్ళనిది ఇంకొకదానిలో. 2016 కేంద్ర నియమాలు కూడా ఇంటివద్దనే విడదీయమన్నాయి. మన ఇంటి చెత్తలో సగానికి పైగా కుళ్ళేదే వుంటుంది.

రెండవది, ఊళ్ళో చోటున్నవారు మన అవ్వల గుంటను మరల త్రవ్వండి. తొక్కలు ఒక వరుస, ఎండుటాకులు ఒక వరుస, పైన కాస్త పేడ, మన్ను. తడి ఆరిపోకుండా చూస్తే రెండు మూడు నెలలలో ఎరువు చేతికి వస్తుంది. పట్టణంలో చోటు లేనివారికి అడుగున చిల్లులున్న మట్టికుండలు రెండు చాలు. మా ఇంటి మిద్దెమీద నేను చేస్తున్నాను. మిరపచెట్లు బాగా కాస్తున్నాయి.

మూడవది, గాజు, బ్లేడు, సూది, కాలిన బల్బు, పాత బ్యాటరీ, వీటిని విడిగా కాగితంలో చుట్టి, పైన వ్రాసి, చేతికిచ్చి చెప్పండి. ఆడవారి గుడ్డలు, పసిపిల్లల లంగోటీలు కూడా అట్లే చుట్టి విడిగా ఇవ్వవలె. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు. చుట్టకుండా ఇవ్వడమే సిగ్గు.

నాలుగవది, అంగడికి పోయేటప్పుడు గుడ్డసంచి పట్టుకొని పొండి. పెండ్లిళ్ళలో తాంబూలంతో ఇచ్చే పసుపు సంచి మనకు కొత్తదా? దానినే మరల వాడండని 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం "మీండుం మంజప్పై" ఉద్యమం మొదలుపెట్టింది. ఇంటికి రాని సంచిని పారవేయనక్కరలేదు.

అయిదవది మన సంఘానికి. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి పద్నాలుగు రకాల ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. ప్లాస్టిక్ పూత పూసిన విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు వాటిలో వున్నాయి. నిరుడు ఇదే పండుగనాడు మనం వాటిలోనే భోంచేశాము. వడ్డించినవారిలో నేనొకణ్ణి. తిన్న తరువాత అవన్నీ ఈ సత్రం వెనుక పల్లంలో పడ్డాయి. నిన్న సాయంకాలం పోయి చూశాను. ఏడాది ఎండకు, వానకు ఆగి, కొన్ని ఇంకా అక్కడే వున్నాయి. మనం నిరుటి పంచాంగం మరచిపోయాము గాని, నిరుటి విస్తరి మనలను మరచిపోలేదు. ఈ ఏడు అరిటాకులు, స్టీలు గ్లాసులు తెప్పించినందుకు కార్యదర్శిగారికి నా కృతజ్ఞతలు.

గాంధీగారు 1901లో కలకత్తా కాంగ్రెసుకు వెళ్ళినప్పుడు అక్కడి పాయిఖానాల దుస్థితి చూసి, తానే చీపురు పట్టుకొన్నారు. నేను అంతటివాణ్ణి కాను. కాని ఒక చిన్న పని ఇవాళే చేయవచ్చునని నాకు తోస్తున్నది.

ఇంకొక గంటలో మనం భోజనాలకు కూర్చుంటాము. వంటశాల వెనుక ఇద్దరు అక్కలు, ఒక అన్న కూర్చొని వున్నారు. మన భోజనాలైన తరువాత ఆకులు ఎత్తడానికి మనమే పిలిపించాము. ఉదయం వారితో మాట్లాడాను. ముగ్గురూ తెలుగే మాట్లాడతారు. ఈ సభలో జరుగుతున్నదంతా వారికి అక్కడికి వినబడుతూనే వున్నది, అర్థమవుతూనే వున్నది. మొదటి పంక్తిలో మూడు ఆకులు వారికి వేయించమని అధ్యక్షులవారిని వేడుకొంటున్నాను. వారు ఎత్తవలసిన ఆకులు ఈ ఒక్కనాడైనా ఎవరివి వారమే ఎత్తుదాము. ఆకులకు ఒక గుంట త్రవ్వించి పెట్టాను. ఆ కుప్ప వచ్చే ఉగాదికి ఈ సత్రంలోని కొబ్బరి మొక్కలకు ఎరువు అవుతుంది.